టైపింగ్ వేగానికి కట్టిన ధర

నిమిషానికి ఎన్ని మాటలు టైపు చేస్తావు? రుషికొండ ఐటీ కొండ మీద ఇంటర్వ్యూకి వెళ్లిన కుర్రాణ్ని ఈ ప్రశ్న అడిగితే అది జీతం తేల్చుకోవడానికి. కంబోడియాలో అడిగింది ఆ కుర్రాణ్ని ఎంతకు అమ్మొచ్చో తేల్చుకోవడానికి. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన మానవ అక్రమ రవాణా కేసులో అన్నిటికంటే మింగుడుపడని వివరం ఇది. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర రూపాయల దాకా వసూలు చేశారు. టూరిస్టు వీసా మీద పంపారు. దిగగానే పాస్‌పోర్టులు లాక్కున్నారు. టైపింగ్ వేగం, కంప్యూటర్ పరిజ్ఞానం చూసి మనిషికి 2,500 నుంచి 4,000 డాలర్ల లెక్కన చైనా ముఠాలకు అప్పజెప్పారు. మన డబ్బుల్లో రెండు లక్షల నుంచి మూడు లక్షల పైచిలుకు. ఒప్పుకోని వాళ్లను చీకటి గదుల్లో వేసి కొట్టారు. ఒప్పుకున్న వాళ్లతో ఫెడెక్స్ పార్శిల్ పేరిట బెదిరింపులు, స్టాక్ మార్కెట్ మోసాలు, ఆన్‌లైన్ టాస్కుల పేరిట దోపిడీ చేయించారు. అవతల ఫోనెత్తేదీ భారతీయులే. మన భాషలొచ్చిన మనుషులతో ఆ ముఠాలకు పనిపడింది అందుకే.

పోలీసులు వివరాలు చెప్పిన కొద్ది రోజుల్లోనే, మే 20న, కంబోడియా రేవు పట్టణం సిహనౌక్‌విల్‌లోని జిన్‌బెయ్-4 అనే భవన సముదాయంలో సుమారు 300 మంది భారతీయులు తిరగబడ్డారు. అప్పటి నగర పోలీసు కమిషనర్ ఎ.రవిశంకర్ చెప్పినదాని ప్రకారం ఒక్క విశాఖ ప్రాంతం నుంచే 150 మంది దాకా ఆ దేశానికి చేరారు. భారత రాయబార కార్యాలయం కదిలింది. మొదటి విడతగా 60 మంది ఇంటిదారి పట్టారు. ఆ వారంలోనే కొందరు విశాఖ విమానాశ్రయంలో దిగారు, టీవీ కెమెరాల ముందు రెండు ముక్కలు మాట్లాడి ఇళ్లకు వెళ్లిపోయారు. అక్కడితో ఊరు ఆ సంగతి మర్చిపోయింది. ఎన్నికల పోలింగ్ అయిపోయి ఫలితాల కోసం రాష్ట్రమంతా వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటున్న సమయం అది. 

ఈ వ్యవహారాన్ని మనం సైబర్ నేరం అన్నాం. ఉద్యోగ మోసం అన్నాం. రెండూ నిజమే గానీ, రెండూ అసలు విషయాన్ని పక్కకు నెట్టేవే. మనిషిని ధర కట్టి కొన్నారు. తలుపుకు తాళం వేశారు. ‘నీ మీద మేం పెట్టిన డబ్బు తిరిగిచ్చి వెళ్లు’ అన్నారు. ఆ డబ్బు తీరే దాకా చెప్పిన పని చేయించారు. దీనికి చట్టంలో ఏ పేరున్నా, లోకంలో ఉన్న పేరు బానిసత్వమే.

ఇది విశాఖకో, తెలుగువాళ్లకో పరిమితమైన పీడ కాదు. ఆన్‌లైన్ మోసాల కోసం మయన్మార్‌లో కనీసం 1,20,000 మందిని, కంబోడియాలో దాదాపు లక్షమందిని నిర్బంధంలో పెట్టి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో చెప్పింది. 2022 జనవరి నుంచి 2024 మే దాకా కంబోడియా, థాయ్‌లాండ్, మయన్మార్, వియత్నాంలకు విజిటర్ వీసాల మీద వెళ్లిన 73,138 మంది భారతీయుల్లో 29,466 మంది తిరిగి రాలేదని మన ఇమిగ్రేషన్ విభాగం లెక్క తేల్చింది. వాళ్లందరూ బందీలని కాదు. ఎందరు బందీలో తేల్చే బాధ్యత ఎవరిదన్నదే ప్రశ్న. 2025 మార్చిలో రెండు వైమానిక దళ విమానాల్లో థాయ్‌లాండ్ సరిహద్దు నుంచి 549 మందిని తెచ్చారు. ఇక ప్రపంచం మొత్తం మీద 2021 నాటికి ఆధునిక బానిసత్వంలో 4.96 కోట్ల మంది ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ, మరో రెండు సంస్థలు కలిసి వేసిన అంచనా. అందులో బలవంతపు చాకిరీ వాటా 2.76 కోట్లు. ఐదేళ్ల ముందు ఇదే సంస్థలు మొత్తం వేసిన లెక్క 4.03 కోట్లు. తగ్గాల్సింది పెరిగింది.

చట్టాలు లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. బ్రిటిష్ సామ్రాజ్యం 1833లో బానిసత్వాన్ని రద్దు చేసింది, ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని మన నేలను మాత్రం ఆ చట్టం నుంచి తప్పించింది. పదేళ్లకు, 1843లో, మనకూ ఒక చిన్న చట్టం వచ్చింది. బానిస మీద యజమాని హక్కును కోర్టులు గుర్తించవని అది చెప్పిందే గానీ ఒక్క బానిసకైనా చేతిలో కూలి పెట్టలేదు, సెంటు నేల ఇవ్వలేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో మనిషిని కొనడం, అమ్మడం నేరమైంది. రాజ్యాంగం 23వ అధికరణలో మనుషుల క్రయవిక్రయాలనూ, వెట్టినీ నిషేధించింది. 1975 అక్టోబరు 25 నుంచి అమల్లోకి వచ్చేలా 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం చేశారు. అందులో దేశమంతటా ఉన్న వెట్టి పద్ధతుల పేర్లు వరసగా రాశారు. మన జీతం, పాలేరు, భగేలా, వెట్టి అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలోనూ బానిసల వ్యాపారం మీద ఒక సెక్షన్ ఉంది, 145వది. సముద్రం ఒడ్డున ఐటీ కంపెనీలు లేస్తున్న కాలంలో రాసుకున్న చట్టంలోనూ బానిసల వ్యాపారానికి సెక్షన్ పెట్టుకోవలసి వచ్చిందంటే, ఆ వ్యాపారం పోలేదని రాసినవాళ్లకూ తెలుసన్నమాట.

ఈ చట్టాలన్నీ ఒక మనిషికి మరో మనిషి మీద ఉండే హక్కును కొట్టేశాయి. బాగానే ఉంది. కానీ మనిషిని కట్టేసింది ఆ హక్కు ఒక్కటే అయితే 1843లోనే సంకెళ్లు తెగిపోవాలి. కట్టేసింది ముందుగా చేతిలో పెట్టిన డబ్బు. అడ్వాన్సు అనండి, బయానా అనండి, అప్పు అనండి. ఆ డబ్బును ఎవరిస్తున్నారు, ఎక్కడ ఇస్తున్నారు, ఎందుకు తీసుకోవలసి వస్తోంది అనే మూడు సంగతుల జోలికి మన రద్దు చట్టాలు గట్టిగా వెళ్లలేదు. అందుకే సంకెల ఇనుముది పోయి కాగితానిదైంది, కాగితానిది పోయి ఫోన్‌పేదైంది.

కాస్త దగ్గరగా చూద్దాం. ఎండాడ నుంచి రుషికొండ వైపు వెళ్లే దారిలో కరెంటు స్తంభాల మీద అంటించిన కాగితాలు చూడండి. పీజీ హాస్టల్, ట్యూషన్, అప్పులిస్తాం, వాటి పక్కనే ఉద్యోగం. టెన్త్, ఇంటర్, డిగ్రీ, పాసైనా ఫెయిలైనా సరే, ఇంగ్లిషు కొద్దిగా వస్తే చాలు, వెంటనే చేరిక, కింద ఒక వాట్సాప్ నంబరు. కంపెనీ పేరుండదు, చిరునామా ఉండదు. వీటిలో చాలామటుకు ఊళ్లోని చిన్నాచితకా కొలువులవే కావచ్చు. కానీ విదేశానికి పంపే ఏజెంటు మాట్లాడేదీ ఇదే భాష. అతను ఎక్కడినుంచో ఊడిపడ్డవాడు కాదు. విశాఖ కేసులో అరెస్టయినవాళ్లు స్థానికులే. ఏజెంటు సాధారణంగా ఎరిగినవాడే అవుతాడు, ఒకప్పుడు తానూ బయటి దేశంలో పనిచేసి వచ్చినవాడవుతాడు. ‘మనోడే గదా, మోసం చేస్తాడేటి’ అనే మాట మీద సగం పని అయిపోతుంది.

మిగతా సగం లక్షన్నర. ఆ డబ్బు బ్యాంకు ఇవ్వదు. చదువు అప్పుకు కాలేజీ కావాలి, ఇంటి అప్పుకు పత్రాలు కావాలి, ఏజెంటుకు కట్టడానికి అప్పిచ్చే పథకం ఏదీ లేదు. అమ్మ పుస్తెలతాడో, చెవి దిద్దులో తాకట్టు దుకాణానికి వెళతాయి. మిగిలింది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెలిసినవాళ్ల దగ్గర. లక్షన్నరా అదే వడ్డీకి తెస్తే నెలకు నాలుగున్నర వేలు వడ్డీయే పోతుంది. కుర్రాడు విమానం ఎక్కకముందే కట్టుబడిపోయాడు. అక్కడ ఉద్యోగం చెప్పినట్టు లేదని తెలిసినా, గేటు తెరిచే ఉన్నా, వెనక్కి రావడానికి వెనకాడతాడు. ఏ మొహం పెట్టుకుని వస్తాడు? అవతల ముఠా తాను పెట్టిన 4,000 డాలర్లు కట్టమంటుంది. ఇవతల వడ్డీ నడుస్తుంటుంది. రెండు అప్పుల నడుమ మనిషి. కాపలావాడి కర్ర మూడోది, అంతే.

ఈ తీరు మన తీరానికి కొత్తది కాదు. కోరంగి, కాకినాడ, భీమిలి, విశాఖ రేవుల నుంచి ఒకప్పుడు రంగూన్‌కు ఓడలు నడిచేవి. ఓడ టికెట్టు డబ్బు మేస్త్రీ పెట్టేవాడు, ఇంటి దగ్గర ఆడవాళ్ల చేతిలో కొంత అడ్వాన్సు పెట్టేవాడు. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో చేసిన పనికి కూలి నేరుగా కూలీకి అందేది కాదు. మేస్త్రీ చేతి మీదుగా, మేస్త్రీ పైన మరో మేస్త్రీ చేతి మీదుగా, అడ్వాన్సు పోను, కమిషన్ పోను, మిగిలింది అందేది. బర్మావాళ్లు మనల్ని కోరంగీలు అని పిలిచారు. ఆ పిలుపులో గౌరవమేమీ లేదు. 1930 మేలో ఆ తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, షిప్పింగ్ కంపెనీలు బర్మీయులను పనిలోకి దించాయి, తర్వాత తెలుగువాళ్లతో రాజీపడి బర్మీయులను పొమ్మన్నాయి. రెండు జాతుల పేదలు మే 26న రంగూన్ వీధుల్లో కొట్టుకున్నారు. వందకు పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. కంపెనీల వాళ్లకు గాయమైనట్టు ఎక్కడా రాసిలేదు. ఆ తర్వాత జపాన్ యుద్ధంలో కాలినడకన వచ్చినవాళ్లు, 1960లలో అక్కడి సైనిక ప్రభుత్వం తరిమితే వచ్చినవాళ్లు. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అనే పేట ఆ రాకపోకల గుర్తే. ఆ పేటకు కూతవేటు దూరంలోని కుర్రాళ్లు ఇప్పుడు అదే దేశంలోని మ్యావాడి సరిహద్దు దాకా వెళ్లే ప్రమాదంలో ఉన్నారు. తాతలను తీసుకెళ్లిన మేస్త్రీ దగ్గర కనీసం చెప్పిన పనే ఉండేది.

ఒప్పంద కూలీల కథా ఇంతే. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి వెళ్లి డర్బన్‌లో లంగరు వేసింది. ఆ తర్వాతి అర్ధ శతాబ్దంలో విశాఖ, గంజాం జిల్లాల నుంచి వేలమంది నేటాల్ చెరకు తోటలకు చేరారు. సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయి పాతికేళ్లు దాటాక మొదలైన ప్రయాణమిది. రద్దు వల్ల తోటలకు కూలీల కరవొచ్చింది, ఆ కరవు తీర్చడానికే ఐదేళ్ల ఒప్పందాలు పుట్టాయి. ఒక తలుపు మూస్తే పక్క తలుపు తెరుచుకుంది. ఒప్పంద కూలీల సేకరణ ఆగింది 1917లో.

మైదానంలో ఇలా ఉంటే, కొండల మీద గోతి ఉండేది. పెళ్లికో, చావుకో, కేసులో జరిమానాకో షావుకారు దగ్గర కొద్దిపాటి డబ్బు తీసుకున్న గిరిజనుడు అది తీరే దాకా అతని ఇంట్లో పనిచేయాలి. తీరేదెప్పుడో షావుకారు పుస్తకమే చెప్పాలి. తండ్రి పోతే కొడుకు వచ్చేవాడు. 1936 దాకా కోరాపుట్ మన విశాఖ జిల్లాలోదే. ఒడియా రచయిత గోపీనాథ్ మహంతి ‘పరజా’ నవల నడిపింది ఈ గోతి చుట్టూనే. మద్రాసు ప్రభుత్వం 1940లో ఏజెన్సీ ప్రాంతంలో ఈ అప్పు బానిసత్వాన్ని రద్దు చేస్తూ రెగ్యులేషన్ తెచ్చింది. అంటే కేంద్ర చట్టం కంటే 36 ఏళ్ల ముందే మన జిల్లాకు రద్దు చట్టం ఉంది! అయినా గోతి మాయం కాలేదు, పేరు మార్చుకుంది. అసలు సర్కారే వెట్టి చేయించుకున్న చోట షావుకారును ఎవరు ఆపగలరు? నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా వేసిన రోడ్డు పనిలో గిరిజనుల కూలి ఎగ్గొట్టిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ అకృత్యాలు 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక ప్రధాన కారణం. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. ఇవాళ ఆ రోడ్డు మీదే మనం లంబసింగి మంచు చూడటానికి కార్లలో వెళ్తున్నాం.

తెలంగాణలో వెట్టి గురించి ఇక్కడ విడిగా చెప్పాల్సిన పని లేదు. నిజాం కాలంలోనే ఫర్మానాలు, భగేలా ఒప్పందాల మీద నిబంధనలు వచ్చాయి. వాటిని ఊళ్లోకి రానిచ్చింది ఆంధ్రమహాసభ, రైతాంగ పోరాటం. చట్టం ఉన్నచోట కూడా దాన్ని పట్టుకుని గడపగడపకూ తిరిగే మనిషి ఉంటేనే అది కదులుతుంది. 1970ల చివర ఉమ్మడి రాష్ట్రంలో అలాంటి మనిషి ఎస్.ఆర్.శంకరన్. సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా ఉండి వాడవాడకూ వెళ్లి ‘నీ అప్పు చట్టప్రకారం రద్దయింది, నువ్వు దొర ఇంటికి వెళ్లనక్కర్లేదు’ అని పాలేర్లకు స్వయంగా చెప్పిన ఐఏఎస్ అధికారి. ఇది ముఖ్యమంత్రి చెన్నారెడ్డికి మింగుడుపడలేదు. శంకరన్ సెలవుపెట్టి తప్పుకున్నారు. తర్వాత త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి ఆయన్ని అక్కడికి పిలిపించుకుని ప్రధాన కార్యదర్శిని చేశారు. చట్టాన్ని ఉన్నదున్నట్టు అమలు చేసిన అధికారికి మన రాష్ట్రంలో దొరికిన బహుమతి ఆ సెలవే.

ఇక ఫలితం చూడండి. 1978 నుంచి 2023 దాకా దేశం మొత్తం మీద వెట్టి నుంచి విడిపించామని కేంద్రం చెప్పే సంఖ్య సుమారు 3.15 లక్షలు. ఇదే కేంద్రం 2030 నాటికి 1.84 కోట్ల మందికి విముక్తి, పునరావాసం కల్పిస్తామని 2016లో లక్ష్యం పెట్టుకుంది. 45 ఏళ్లలో నడిచిన వేగంతోనే నడిస్తే ఆ లక్ష్యం చేరడానికి రెండున్నర వేల ఏళ్ల పైమాటే. లక్ష్యం రాసినవాళ్లు ఈ భాగహారం చేసి ఉండరు. 1976 చట్టం కింద వెట్టి చేయించుకున్నవాడికి గరిష్ఠ శిక్ష మూడేళ్ల జైలు, 2,000 రూపాయల జరిమానా. విడుదలైన కూలీకి పునరావాస సాయం లక్ష నుంచి మూడు లక్షల దాకా అని 2016 పథకంలో రాశారు. కానీ పూర్తి మొత్తం అందాలంటే యజమాని మీద నేరం రుజువు కావాలి. తక్షణ సాయం పేరిట చేతిలో పెట్టేది 30,000కు మించదు. కేసు ఎన్నేళ్లు నడుస్తుందో కూలీకి తెలియదు, ఈలోగా పొయ్యి వెలగాలి. మళ్లీ అడ్వాన్సు.

సుప్రీంకోర్టు ఈ విషయంలో ప్రభుత్వాల కంటే చాలా ముందుంది. ఏషియాడ్ క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లో జస్టిస్ భగవతి ధర్మాసనం కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడమే బలవంతపు చాకిరీ అంది. ఆకలి కూడా బలవంతమే అంది. కొరడా కనిపించనక్కర్లేదు. 1983 డిసెంబరులో బంధువా ముక్తి మోర్చా కేసులో, బలవంతపు చాకిరీ ఉందని తేలితే అడ్వాన్సు తీసుకునే చేస్తున్నాడని అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది యజమానే అంది. నలభై ఏళ్ల కిందటి ఈ మాటలు మన తహసీల్దారు కార్యాలయాల్లో ఎందరికి తెలుసు?

కంబోడియా కుర్రాళ్ల దగ్గరికి వస్తే చట్టానికి ఇంకో కన్నం కనిపిస్తుంది. విదేశీ ఉద్యోగాల వ్యవహారం 1983 నాటి వలసల చట్టం కింద నడుస్తుంది. పదో తరగతి కూడా చదవనివాళ్లు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి ముద్ర కావాలి. గల్ఫ్‌లో ఆడవాళ్లు, కూలీలు పడే కష్టాలు చూసి పెట్టిన రక్షణ ఇది. కడప, కోనసీమల నుంచి ఇళ్లలో పనిచేసే ఖద్దామాలుగా కువైట్ వెళ్లిన ఆడవాళ్ల కథలు విన్నవాళ్లకు దాని అవసరం తెలుసు, దాని పనితనం ఏపాటిదో కూడా తెలుసు. కానీ ఆ 18 దేశాల్లో కంబోడియా లేదు, మయన్మార్ లేదు, లావోస్ లేదు. పదో తరగతి పాసైనవాడికి ఆ ముద్రే అక్కర్లేదు. చదువుకున్నవాడు మోసపోడని చట్టం నమ్మకం. ముఠాలకు కావలసింది సరిగ్గా ఆ చదువుకున్నవాడే.

అయినా ఉన్న చట్టం చాలు, వాడితే. విదేశీ ఉద్యోగానికి మనిషిని పంపే ఏ ఏజెంటయినా రిజిస్టర్ అయి ఉండాలి. అతను అభ్యర్థి దగ్గర తీసుకోదగ్గ ఫీజు జీఎస్టీ కాకుండా 30,000 రూపాయలు. లక్షన్నర అడిగిన క్షణమే నేరం జరిగిపోయింది, కంబోడియాలో కాదు, ఇక్కడ. మనం మాత్రం విమానం ఎగిరి, పాస్‌పోర్టు పోయి, కుర్రాడు దెబ్బలు తిని, దొంగచాటుగా ఫోన్ చేసి, ఎవరో సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేశాక మొదలెడతాం. ఈ చట్టంలోనూ జరిమానా 2,000 రూపాయలే. మనిషి ధరకు, జరిమానాకు మధ్య ఉన్న తేడా చాలు ఈ వ్యాపారం ఎందుకు నడుస్తోందో చెప్పడానికి.

ముఠాల వైపు సంపద ఎంతో కూడా తెలుసుకోవాలి. 2025 అక్టోబరులో అమెరికా న్యాయ శాఖ కంబోడియాకు చెందిన ప్రిన్స్ గ్రూప్ అధిపతి చెన్ జీ మీద అభియోగాలు మోపింది. దాదాపు 1,500 కోట్ల డాలర్ల విలువైన బిట్‌కాయిన్ జప్తుకు పూనుకుంది. బలవంతపు చాకిరీ శిబిరాలుగా ఆ అభియోగపత్రం చెప్పినవాటిలో జిన్‌బెయ్ ఉంది. అభియోగం రుజువు కావలసే ఉంది. కానీ విశాఖ కుర్రాళ్లు తిరగబడ్డ చోటి పేరు న్యూయార్క్ కోర్టు కాగితాల్లోకి ఎక్కిందంటే, గాజువాకలో పుస్తెలతాడు తాకట్టుకూ ఆ బిట్‌కాయిన్‌కూ మధ్య దారి ఉన్నట్టే.

మనం ఎప్పుడూ బాధితుల వైపే ఉన్నామని అనుకోవడం కూడా తప్పు. బలాంగిర్, నువాపడా, కలహండి నుంచి పశ్చిమ ఒడిశా కుటుంబాలు ఏటా పంటకోతలు అయ్యాక సర్దార్ అనే దళారి దగ్గర అడ్వాన్సు తీసుకుని రెండు తెలుగు రాష్ట్రాల ఇటుక బట్టీలకు వస్తాయి. విశాఖ రైల్వే స్టేషన్ మీదుగా పిల్లలతో, గిన్నెలతో, మూటలతో. వెయ్యి ఇటుకలకు ఇంతని లెక్క, ఆ లెక్క రాసేది బట్టీ యజమాని మనిషి. 2013 డిసెంబరులో ఆంధ్రకు పంపాల్సిన కూలీల బృందం దారిలో జారిపోతే, దొరికిన ఇద్దరి కుడి చేతులను కాంట్రాక్టర్ మనుషులు నరికేశారు. అడ్వాన్సు వసూలు కాలేదని! సుప్రీంకోర్టు తనంతట తాను కేసు తీసుకున్న ఘటన అది. 2017 మొదట్లో రాచకొండ పోలీసులు యాదాద్రి వైపు బట్టీల్లోంచి ఒడిశా పిల్లలను పెద్ద సంఖ్యలో బయటికి తెచ్చారు. మన ఇళ్ల గోడల్లో ఆ ఇటుకలున్నాయి. కంబోడియాలో మనవాడికి జరిగితే గుండె మండుతుంది, మన బట్టీలో ఒడిశావాడికి జరిగితే కంటికానదు.

తిరిగొచ్చిన కుర్రాడి సంగతి ఎవరూ మాట్లాడరు. అతని మీద రెండు చూపులు పడతాయి. ‘అక్కడ మోసాలు చేసి సంపాదించి వచ్చాడు’ అన్నది ఒకటి, ‘లక్షన్నర తగలేసి వచ్చాడు’ అన్నది రెండోది. బలవంతంగా చేయించిన నేరానికి బాధితుణ్ని శిక్షించకూడదన్నది అంతర్జాతీయంగా అందరూ ఒప్పుకున్న సూత్రం. మన చట్టంలో దాన్ని స్పష్టంగా రాయలేదు, దర్యాప్తు అధికారి మంచితనానికి వదిలేశాం. ఇక అప్పు. 1976 చట్టం వెట్టి కూలీ అప్పును రద్దు చేస్తుంది, కానీ ఎవరి అప్పును? పనిలో పెట్టుకున్నవాడికి ఉన్న అప్పును. కుర్రాడి అప్పు ముఠాకు కాదు, వీధి చివర వడ్డీ వ్యాపారికి. ఆ వ్యాపారి నేరస్థుడు కాడు, అతని డబ్బు అతనికి రావాలి. కాబట్టి ముఠా చెర నుంచి బయటపడ్డవాడు నూటికి మూడు వడ్డీలోంచి బయటపడలేదు. ఏం చేస్తాడు? ఇంకో ఏజెంటు, ఇంకో దేశం.

రుషికొండ ఐటీ కొండ మీద ఒక పెద్ద కంపెనీకి 2025లో 21.16 ఎకరాలు 99 పైసలకు కేటాయించారు. పన్నెండు వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. రావాలి, రానివ్వండి, దాని మీద పేచీ లేదు. ఒక కంపెనీ రావడానికి సర్కారు తన భూమిని దాదాపు ఉచితంగా వదులుకోగలిగినప్పుడు, ఒక కుర్రాడు వెళ్లి చిక్కుకుని తిరిగొచ్చాక అతని లక్షన్నర అప్పును తక్కువ వడ్డీ బ్యాంకు అప్పుగా మార్చడం ఎంత పని? విశాఖ నుంచి వెళ్లిన 150 మంది మొత్తం అప్పు కలిపినా రెండుకోట్ల పాతిక లక్షలు. బీచ్ రోడ్డు మీద ఒక ఉత్సవం ఖర్చుతో సరిపోతుందేమో.

అంతకంటే ముందు వాళ్లను వెట్టి బాధితులుగా గుర్తించాలి. 1976 చట్టం కింద విడుదల పత్రం ఇచ్చే అధికారం జిల్లా యంత్రాంగానిది. పని జరిగింది విదేశంలో కదా, చట్టం ఎలా వర్తిస్తుందని అధికారులు అడుగుతారు. అడ్వాన్సు ఇక్కడ తీసుకున్నారు, మాట ఇక్కడ కుదిరింది, మనిషిని ఇక్కడినుంచే పంపారు. అడ్డొస్తే పునరావాస పథకంలో ఒక వాక్యం చేర్చడం కేంద్రం చేతిలో పని, పార్లమెంటు కూడా అక్కర్లేదు. నేరం రుజువయ్యాకే పూర్తి సాయం అనే షరతు తీసేయడం కూడా అంతే. జిల్లా విజిలెన్స్ కమిటీలు కాగితం మీద ఉన్నాయి, వాటిని కూర్చోబెట్టి ఊళ్లోని కన్సల్టెన్సీలను, బట్టీలను ఒకే జాబితాలో పెట్టి తనిఖీ చేయిస్తే చాలు. ఇందుకు కొత్త చట్టం వద్దు. శంకరన్ లాంటి ఒక్క కలెక్టరు చాలు, ఆయన్ని బదిలీ చేయని ప్రభుత్వం ఉంటే.

ఈలోగా పాఠకులకు ఒక మాట. ఇంట్లో పిల్లవాడు బయటి దేశం ఉద్యోగమంటే, డబ్బు కట్టకముందే ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. కేంద్రం నడిపే ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ నంబరు ఉందో లేదో చూడండి. టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందామంటే ఒప్పుకోకండి. 30,000కు మించి అడిగితే బేరం ఆడకండి, నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. మనోడే అయినా సరే.